"ప్రస్తుతం ఎవరూ లేరు", నెక్స్ట్ ఐటమ్

మొన్న ఇంగ్లండ్‌లోని మా స్కూల్ గవర్నింగ్ బోర్డ్ మీటింగ్‌లో పదకొండో ఐటమ్‌కి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటింది. అప్పటికే గేటు ముందు పార్కింగ్ గొడవ మీద, మొరాయిస్తున్న బాయిలర్ మీద బోలెడంత సేపు మాట్లాడేశాం, ఒక పెద్దాయన కోటు కూడా తొడుక్కుని కూర్చున్నారు. ఐటమ్ పేరు "లుక్డ్ ఆఫ్టర్ చిల్డ్రన్, డిజిగ్నేటెడ్ టీచర్ వార్షిక రిపోర్ట్", అంటే కేర్‌లో, కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) సంరక్షణలో ఉన్న పిల్లల గురించి, వాళ్ళ చదువు బాధ్యత చూసే టీచర్ ఇచ్చే రిపోర్ట్. రిపోర్ట్ అంటే అర పేజీ. ప్రస్తుతం మన స్కూల్లో కేర్‌లో ఉన్న పిల్లలు ఎవరూ లేరు, ట్రైనింగ్ అంతా అప్‌ టు డేట్‌గా ఉంది, పాలసీ రివ్యూ అయింది, అంతే. చైర్ గారు అటూ ఇటూ చూసి ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నారు, ఎవరూ నోరు విప్పలేదు, నెక్స్ట్ ఐటమ్‌కి పేజీ తిప్పబోతుంటే నేను చెయ్యెత్తి "మరి వచ్చే సోమవారం ఒకళ్ళు వస్తే ఏం జరుగుతుంది?" అని అడిగా.

కోటాయన నావైపు చూసిన చూపు చెప్పక్కర్లేదు. హెడ్ టీచర్ గారు మర్యాదగానే "వస్తే చూసుకుంటాం, మాకు అలవాటే" అన్నారు. ఆవిడ మంచి మనిషి, చూసుకుంటారు కూడా, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ జవాబు నాకు ఒక పట్టాన మింగుడు పడలేదు, అందుకే ఈ పోస్టు. నేననేది ఏంటంటే, కేర్‌లో ఉన్న పిల్లల చదువు విషయంలో గవర్నర్లు నిజంగా చెయ్యగలిగిన పని ఆ పిల్లలు స్కూల్లో ఉన్నప్పటికంటే లేనప్పుడే ఎక్కువ. పిల్లాడు వచ్చాక చేసేదంతా టీచర్ల పని, ఫాస్టర్ కేరర్ల (ఈ పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్ళ) పని, సోషల్ వర్కర్ పని. వాళ్ళు ఆ పని చెయ్యడానికి టైము, డబ్బు, ఒక పద్ధతి ముందే ఉన్నాయా లేవా అని చూడటం మా పని.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో స్కూల్ గవర్నర్ అంటే జీతం లేని పని, మామూలుగా నాలుగేళ్ళ టర్మ్. స్కూల్ ఎటు వెళ్ళాలో నిర్ణయించడం, హెడ్‌ని ప్రశ్నలు అడగడం, డబ్బులు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం, ఈ మూడే ముఖ్యం. దేశం మొత్తం మీద రెండు లక్షల మంది పైనే ఉంటారు, మనవాళ్ళు చాలా తక్కువ. ఇక కేర్‌లో ఉన్న పిల్లలంటే కన్నవాళ్ళ దగ్గర ఉండలేని పరిస్థితిలో కౌన్సిల్ బాధ్యత తీసుకున్న పిల్లలు. అనాథలు అనుకుంటారు మనవాళ్ళు, చాలామందికి అమ్మానాన్నలు ఉంటారు, ఇంట్లో హింస వల్లో, పట్టించుకునే దిక్కు లేకో వచ్చినవాళ్ళే ఎక్కువ. పెద్దవాళ్ళెవరూ తోడు లేకుండా దేశాలు దాటి వచ్చిన పిల్లలు కూడా ఉంటారు. 2024 మార్చి 31 నాటికి ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లలు 83,630 మంది, వాళ్ళలో మూడింట రెండొంతుల మంది దాకా ఫాస్టర్ కేరర్ల ఇళ్ళల్లో ఉంటారు.

ఆ లెక్కలో బడి వయసు రానివాళ్ళు, బడి దాటినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి, వాళ్ళని తీసేసి ఇక్కడున్న సుమారు 22,000 ప్రభుత్వ స్కూళ్ళకి పంచి చూడండి. స్కూలుకి ఇద్దరో ముగ్గురో. చిన్న ప్రైమరీల్లో కొన్నేళ్ళ పాటు ఒక్కరూ ఉండకపోవచ్చు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గవర్నర్లం మేం చూసేవి అంకెలు, పర్సంటేజీలు, గ్రాఫులు. ఇద్దరు పిల్లలకి గ్రాఫ్ గియ్యలేం, గీస్తే ఆ ఇద్దరూ ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. అందుకని ఆ గడిలో ఒక చుక్క పెట్టి వదిలేస్తారు. పద్ధతిగా చూస్తే కరెక్టే, కానీ చుక్క పెట్టిన గడి గురించి రాత్రి ఎనిమిదిన్నరకి ఎవరూ ప్రశ్నలు అడగరు.

చెప్పి రారు

మా ఊళ్ళో ఒక తెలుగు అక్క ఉంది, ఖమ్మం వైపు వాళ్ళు, భార్యాభర్తలిద్దరూ ఫాస్టర్ కేరర్లు. మన కమ్యూనిటీలో ఈ పని చేసేవాళ్ళు నాకు తెలిసి చాలా అరుదు. నాకు ఈ విషయాల మీద ఉన్న ఇంట్రెస్ట్ సగం ఆవిడ పుణ్యమే. ఆవిడ ఒకసారి చెప్పింది, పిల్లాడు వచ్చే ముందు ఫోన్ వస్తుందట, "ఈ రాత్రికి ఒకళ్ళని పెట్టుకోగలరా" అని. రెండు గంటల్లో కారు వచ్చి ఆగుతుంది, చేతిలో ఒక బ్యాగు, దాన్లో ఎవరో హడావుడిగా సర్దిన బట్టలు, సగం వాడి సైజు కాదు. మర్నాడు పొద్దున్నే మొదటి ప్రశ్న, వీడు ఏ స్కూలుకి పోతాడు?

పాత స్కూల్ దగ్గరైతే అక్కడే ఉంచాలని ప్రయత్నిస్తారు. కానీ కేర్‌లో ఉన్న పిల్లల్లో పదిమందిలో నలుగురి కంటే ఎక్కువే సొంత కౌన్సిల్ హద్దు దాటి వేరే చోట ఉంటున్నారు, రోజుకి అరవై మైళ్ళు ట్యాక్సీలో తిప్పడం ఎంతకాలం కుదురుతుంది. గైడెన్స్ ప్రకారం అత్యవసరంగా మార్చాల్సి వస్తే 20 స్కూల్ రోజుల్లోపు కొత్త స్కూల్ చూడాలి. ఇరవై స్కూల్ రోజులంటే నెల. ఆ నెలంతా ఆ పిల్లాడు కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య, తోటి పిల్లలంతా స్కూలుకి వెళ్ళే టైములో సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటాడు. ఒకసారి అక్క ఇంట్లో ఇలాగే అయింది. స్కూల్ వాళ్ళు కాదనలేదు, అవుననీ అనలేదు. "మీటింగ్ పెట్టుకుందాం", "పాత స్కూల్ నుంచి పేపర్లు రాలేదు", "వాడి అవసరాలు తీర్చగలమో లేదో చూడాలి" అంటూ వారం వారం జరిపారు. ఆ మాటల్లో ఒక్కటి కూడా తప్పు మాట కాదు, అన్నీ కలిపితే మాత్రం పిల్లాడికి ఐదు వారాల చదువు పోయింది.

నిజానికి అడ్మిషన్ల విషయంలో చట్టం గట్టిగానే ఉంది. సీట్లు తక్కువున్నప్పుడు మొదటి ప్రాధాన్యం కేర్‌లో ఉన్న పిల్లలకీ, ఒకప్పుడు కేర్‌లో ఉండి దత్తత వెళ్ళిన పిల్లలకీ ఇవ్వాలి. 2021 అడ్మిషన్స్ కోడ్ వేరే దేశాల్లో ప్రభుత్వ సంరక్షణలో ఉండి దత్తత వచ్చినవాళ్ళని కూడా ఇందులో చేర్చింది. కాకపోతే సెప్టెంబర్‌లో రిసెప్షన్ క్లాసు (నాలుగైదేళ్ళ పిల్లలు మొదట చేరే క్లాసు) నింపేటప్పుడు ఇది చక్కగా నడుస్తుంది, ఫిబ్రవరి మధ్యలో ఇయర్ ఫైవ్‌లో ఒక సీటు కావాలంటే అప్పుడు తెలుస్తుంది స్కూల్ గుణం. కౌన్సిల్ నడిపే స్కూలైతే కౌన్సిలే చేర్చుకోమని ఆదేశించొచ్చు, అకాడమీ (కౌన్సిల్ కింద లేని ప్రభుత్వ స్కూలు) అయితే విద్యాశాఖ మంత్రి దాకా వెళ్ళి ఆదేశం తేవాలి. అంతదాకా ఎవరు లాగుతారు?

ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ యూనివర్సిటీల వాళ్ళు కలిసి చేసిన 2015 నాటి ఒక అధ్యయనం ఉంది, నాలాంటి వాళ్ళకి అది కళ్ళు తెరిపించే కాగితం. కేర్‌లో ఉండి ఇయర్ టెన్‌లోనో ఇయర్ లెవన్‌లోనో స్కూల్ మారిన పిల్లలకి, మారని వాళ్ళతో పోలిస్తే జీసీఎస్‌ఈలో (మన టెన్త్ లాంటి పరీక్షల్లో) ఐదు గ్రేడ్ల పైనే తక్కువ వచ్చాయని అందులో తేలింది. ఇంకో సంగతి, ఎక్కువ కాలం కేర్‌లో ఉన్న పిల్లలు, కష్టాల్లో ఉన్నా కేర్‌లోకి రాని పిల్లలకంటే బాగానే చదువుతున్నారట. అంటే కేర్‌లోకి రావడం వల్లే చదువు చెడిపోతోందనే మాట నిలబడదు. చెడగొట్టేది ఈ కదిలించడాలు, ఈ ఖాళీ వారాలు. వాటిలో కొన్ని స్కూల్ గేటు దగ్గరే పుడతాయి కాబట్టి గవర్నర్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదీ అని నా ఉద్దేశం: పోయిన రెండు మూడేళ్ళలో ఏడాది మధ్యలో ఇలాంటి పిల్లాడి కోసం ఫోన్ వచ్చిన రోజుకీ, వాడు క్లాసులో కూర్చున్న రోజుకీ మధ్య ఎన్ని రోజులు పట్టింది? పేరు అక్కర్లేదు, క్లాసు అక్కర్లేదు, అంకె చాలు.

"మాకు అందరూ ఒకటే"

ఈ టాపిక్ ఎత్తితే స్కూళ్ళల్లో ఎక్కువగా వినిపించే మాట ఇది. విడిగా చూస్తే పిల్లాడికి ముద్ర వేసినట్టవుతుంది, మేం అందరినీ ఒకేలా చూస్తాం అంటారు. వినడానికి ఎంత బావుందో. నేను కూడా సగం ఒప్పుకుంటా, ముద్ర పడటం నిజంగానే పెద్ద బాధ. క్లాసు జరుగుతుంటే తలుపు తీసి "నీ సోషల్ వర్కర్ వచ్చారు" అని పిలిస్తే ముప్పై తలకాయలు వెనక్కి తిరుగుతాయి. మెళ్ళో కౌన్సిల్ ల్యాన్యార్డ్ వేసుకుని వచ్చిన మనిషి ఎవరో పదేళ్ళ పిల్లలకి తెలీదనుకోవడం మన అమాయకత్వం.

కానీ అందరినీ ఒకేలా చూడటంలో జరిగేది ఇంకోటి ఉంది. ఇయర్ టూలో ఒక హోంవర్క్ ఇస్తారు, మీ చిన్నప్పటి ఫొటో తీసుకురండి, మీరు ఎలా పెరిగారో టైమ్‌లైన్ వెయ్యండి అని. చాలా ముద్దుగా ఉంటుంది, గోడ నిండా బోసినవ్వులు. అక్క ఇంట్లో ఉన్న పాపకి ఒక్క ఫొటో లేదు. రెండేళ్ళ వయసుకి ముందు ఎక్కడుందో కూడా ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆ పాప ఏం చేసిందో తెలుసా, అక్క వాళ్ళ సొంత కూతురి చిన్నప్పటి ఫొటో ఆల్బమ్‌లోంచి తీసి బ్యాగులో పెట్టుకుంది. నల్లగా గుండ్రంగా ఉన్న తెలుగు పాప ఫొటో, ఈ పిల్లేమో రాగిజుట్టు. అక్క బ్యాగు సర్దుతుంటే కనబడింది. "ఏమనాలో నాకు తోచలేదమ్మా, నవ్వు రాలే, ఏడుపు రాలే, మళ్ళా బ్యాగులనే పెట్టేసిన" అంది.

టీచర్ తప్పు కాదిది. ఆ టీచర్‌కి ముందురోజు ఎవరైనా ఒక మాట చెప్పుంటే "చిన్నప్పటి ఫొటో గానీ, మీకిష్టమైన ఏ ఫొటో అయినా గానీ" అని రాసుండేది, ఖర్చు రూపాయి కూడా కాదు. మదర్స్ డే కార్డులు, ఫ్యామిలీ ట్రీలు, స్కూల్ వెబ్‌సైట్‌లో పెట్టే ఫొటోలు అన్నీ ఇంతే. ఫొటో అయితే మరీ, కొంతమంది పిల్లలు ఎక్కడున్నారో కన్నవాళ్ళకి తెలియకూడదు, స్పోర్ట్స్ డే ఫొటో ఒకటి ఫేస్‌బుక్‌లో పడితే ఆ పిల్లాడు మళ్ళీ ఇల్లు మారాల్సి రావచ్చు. ఇక ట్రిప్పులు. సంతకం ఎవరు పెట్టాలన్నది పిల్లాడి కేర్ ప్లాన్‌లోనే ఫాస్టర్ కేరర్‌కి అధికారం ఇచ్చి ఉంచొచ్చు, అలా ఉన్నా కూడా ఆఫీసులో తెలియక ఫామ్‌ని సోషల్ వర్కర్‌కి పంపిస్తారు, ఆవిడ లీవులో ఉంటుంది, బస్సు ఎవరి కోసం ఆగుతుంది.

ఇవన్నీ గవర్నర్లు చక్కబెట్టేవి కావు, నాకు తెలుసు. హోంవర్క్ షీట్లు మేం దిద్దితే హెడ్ మమ్మల్ని గెంటేస్తారు, గెంటెయ్యాలి కూడా. కానీ "మీ ఆఫీసులో సంతకం ఎవరిదో ఎక్కడ రాసి ఉంటుంది", "కొత్త టీచర్ చేరితే ఈ సంగతులు ఎవరు చెప్తారు" అని అడగొచ్చు. అడిగితే జవాబు కోసమైనా ఎవరో ఒకరు ఆ ఫైల్ తీసి చూస్తారు.

ఆ టీచర్‌కి టైమెక్కడుంది

చట్టప్రకారం ప్రతి స్కూల్లో ఒక డిజిగ్నేటెడ్ టీచర్ ఉండాలి, క్వాలిఫైడ్ టీచరై ఉండాలి, నియమించే బాధ్యత గవర్నింగ్ బాడీదే. 2008లో చట్టం, 2009 నుంచి అమలు. ప్రతి కౌన్సిల్‌కీ ఒక వర్చువల్ స్కూల్ హెడ్ ఉండాలని 2014 చట్టం చెప్పింది, అంటే భవనం లేని స్కూలు, కౌన్సిల్ చూసుకునే పిల్లలందరూ ఎక్కడ చదువుతున్నా దాని రోల్‌లో ఉన్నట్టే లెక్క. 2018 నుంచి దత్తత వెళ్ళినవాళ్ళు, స్పెషల్ గార్డియన్‌షిప్‌లో ఉన్నవాళ్ళ (కోర్టు వేరేవాళ్ళకి సంరక్షణ అప్పగించిన పిల్లల) బాధ్యత కూడా ఈ ఇద్దరి మీదా పడింది. ప్రతి పిల్లాడికీ ఒక పర్సనల్ ఎడ్యుకేషన్ ప్లాన్, అందరూ పెప్ అంటారు, స్కూల్ టర్మ్‌కి ఒకసారి రివ్యూ.

కాగితం మీద ఎంత ముద్దుగా ఉందో చూడండి. ఇప్పుడు మా స్కూల్ సంగతి. మా డిజిగ్నేటెడ్ టీచరే డిప్యూటీ హెడ్, ఆవిడే స్పెషల్ నీడ్స్ కోఆర్డినేటర్, పిల్లల భద్రత చూసే సేఫ్‌గార్డింగ్ లీడ్ కూడా ఆవిడే, పైగా వారానికి రెండు రోజులు ఇయర్ సిక్స్‌కి పాఠం చెప్తారు. కేర్‌లో ఉన్న పిల్లలు ఇద్దరొచ్చారే అనుకోండి, ఇద్దరూ వేరే వేరే కౌన్సిళ్ళ వాళ్ళైతే రెండు వర్చువల్ స్కూళ్ళు, రెండు రకాల ఆన్‌లైన్ ఫామ్‌లు, రెండు పాస్‌వర్డ్‌లు, ఇద్దరు సోషల్ వర్కర్లు, వాళ్ళు మధ్యలో మారిపోతే మళ్ళీ మొదటి నుంచి కథంతా చెప్పుకోవడం. పెప్ మీటింగ్‌కి సోషల్ వర్కర్, కేరర్, టీచర్ ముగ్గురికీ కుదిరే టైము దొరకడమే గగనం, దొరికిన టైములో పిల్లాడికి మ్యాథ్స్ క్లాసు ఉంటుంది. చదువు మెరుగుపర్చడానికి పెట్టిన మీటింగ్ కోసం పిల్లాణ్ణి చదువులోంచి లేపుకొస్తారన్నమాట.

అందుకే అర పేజీ రిపోర్ట్ చూసి "అంతా బావుంది" అని ముందుకెళ్ళడం నాకు నచ్చదు. ఆ రిపోర్ట్ రాసినావిడ ఎప్పుడు రాసుంటారో ఊహించగలను, ఆదివారం రాత్రి. ఆవిడ్ని ఇరుకున పెట్టే ప్రశ్నలు కాకుండా ఆవిడ తరఫున అడిగే ప్రశ్నలు వెయ్యాలి. ఈ పనికి మీకు టైమ్‌టేబుల్‌లో రాసిచ్చిన టైము ఉందా? మీరు సిక్ లీవ్ పెడితే పెప్ లాగిన్ ఇంకెవరి దగ్గరుంది? ఇలాంటివి ఆవిడంతట ఆవిడ మీటింగ్‌లో ఎత్తితే హెడ్ మీద కంప్లయింట్ చేసినట్టుంటుంది, గవర్నర్ అడిగితే అలా ఉండదు. మా కుర్చీకి ఉన్న విలువ అంతవరకే, కానీ అది చిన్న విలువేం కాదు.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. కేర్‌లో ఉన్న పిల్లాడికి ప్యూపిల్ ప్రీమియం ప్లస్ అని 2024-25లో తలకి 2,570 పౌండ్లు. చాలామంది గవర్నర్లు ఇది నేరుగా స్కూల్ ఖాతాలో పడుతుందనుకుంటారు. పడదు, కౌన్సిల్‌కి వెళ్తుంది, వర్చువల్ స్కూల్ హెడ్ చేతిలో ఉంటుంది, పెప్‌లో ఏం కావాలో సరిగ్గా రాస్తేనే స్కూలుకి వస్తుంది. దత్తత వెళ్ళిన పిల్లలదైతే నేరుగా స్కూలుకే వస్తుంది, అయితే దత్తత తీసుకున్న అమ్మానాన్నలు ఆ విషయం తమంతట తామే చెప్పాలి, స్కూల్ సొంతంగా తేల్చుకోలేదు. వచ్చిన డబ్బు ఎటు పోయిందని అడిగితే "టీఏ సపోర్ట్" అంటారు, టీఏ అంటే టీచింగ్ అసిస్టెంట్. ఏ టీఏ, ఎన్ని గంటలు, ఎవరికి? ఆ టీఏ అంతకుముందు కూడా ఉన్నారు కదా? అక్క ఇంట్లో ఉన్న ఇంకో పిల్లాడికి వాళ్ళ స్కూల్ ఆ డబ్బుతో డ్రమ్స్ క్లాసులు పెట్టించింది. నేను మొదట విని డ్రమ్సా, చదువుకి దానికి ఏం సంబంధం అనుకున్నా. వాడు స్కూలుకి ఎగ్గొట్టకుండా వచ్చే రోజు గురువారమట, డ్రమ్స్ ఉండేది గురువారం. ఆ స్కూల్లో ఎవరో బుర్ర పెట్టి ఆలోచించారు.

ఫోన్ చేసి ఇంటికి పంపడం

దీని మీద కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే గవర్నర్లకి ఇది దాదాపు కనబడదు.

కేర్‌లో ఉన్న పిల్లాణ్ణి పర్మనెంట్‌గా తీసెయ్యడం వీలైనంత వరకు చెయ్యొద్దని గైడెన్స్ చెప్తుంది. తీసేస్తే గవర్నర్ల ప్యానెల్ 15 స్కూల్ రోజుల్లోపు కూర్చుని తిరిగి చేర్చుకోవాలా వద్దా చూడాలి. సస్పెండ్ చేసినా సోషల్ వర్కర్‌కీ, వర్చువల్ స్కూల్ హెడ్‌కీ ఆలస్యం లేకుండా చెప్పాలి. ఇంత ఉంది కాబట్టి హెడ్‌లు సస్పెండ్ చెయ్యడానికి వెనకాడతారు, మంచిదే. కానీ వెనకాడినప్పుడు జరిగేది ఒక్కోసారి ఇది: పదకొండున్నరకి కేరర్‌కి ఫోన్, "ఇవాళ కొంచెం డిస్టర్బ్‌డ్‌గా ఉన్నాడు, తీసుకెళ్తే వాడికే మంచిది". కేరర్ ఏమంటుంది? స్కూలుతో తగువు పెట్టుకుంటే ఉన్న సీటు ఊడుతుందేమోనని వెళ్ళి తీసుకొచ్చేస్తుంది. ఎక్కడా రికార్డు ఉండదు, సస్పెన్షన్ల లెక్కలో రాదు, మా ముందుకొచ్చే టేబుల్‌లో సున్నా ఉంటుంది. మేం ఆ సున్నా చూసి హెడ్‌ని మెచ్చుకుంటాం.

ఇది చట్టవిరుద్ధం. కేరర్ ఒప్పుకున్నా సరే చట్టవిరుద్ధమే, పంపితే సస్పెన్షన్ అని రాసి పంపాలి. ఎక్స్‌క్లూజన్ ప్యానెల్ (స్కూల్ నుంచి తీసేసిన కేసులు చూసే గవర్నర్ల ప్యానెల్) ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు మాకు పాఠం చెప్పినావిడ ఒక కిటుకు చెప్పారు, సస్పెన్షన్ల సంఖ్య అడగొద్దు, మధ్యాహ్నం హాజరు అడగండి అన్నారు. పొద్దున ఉండి మధ్యాహ్నం లేనివాళ్ళ లెక్క. ఇంకోటి, 2024 ఆగస్టు నుంచి అటెండెన్స్ రిజిస్టర్‌లో C2 అనే కోడ్ ఉంది, పార్ట్ టైమ్ టైమ్‌టేబుల్ మీద ఉన్న పిల్లలకి. ఆ కోడ్ మీద ఎంతమంది ఉన్నారు, ఎన్ని వారాలుగా, ఎప్పటికి ఫుల్ టైముకి వస్తారని రాసుంది? ఈ ప్రశ్నకి పేర్లు అక్కర్లేదు, ఏ పిల్లాడి గుట్టూ బయటపడదు. మా బోర్డులో ఈ టర్మ్ నుంచి ఈ రెండు అంకెలూ హెడ్ రిపోర్ట్‌లో వస్తున్నాయి. హెడ్ మొహం చిట్లించలేదు, పైగా "మంచిదే, నాకూ ఒకచోట కనబడతాయి" అన్నారు.

నాకే నచ్చని నా వాదనలు

ఇంత రాశాక ఎదురు మాటలు కూడా రాయాలి, ఎందుకంటే ఇవి నాకు వేరేవాళ్ళు చెప్పినవి కొన్ని, నాకు నేనే వేసుకునేవి కొన్ని.

మా బోర్డులోనే ఒకాయన అన్నారు, క్లాసులో ముప్పై మందిలో ఆరేడుగురికి స్పెషల్ నీడ్స్, ఇద్దరు టీఏలని తీసేశాం, ఇలాంటప్పుడు లేని పిల్లల కోసం టైము కేటాయించమంటారా అని. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. డబ్బు నిజంగానే లేదు. నేను చెప్పగలిగేది ఒక్కటే, కేర్‌లో ఉన్న పిల్లాడి కోసం పెట్టుకున్న పద్ధతి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లాడికీ, నాన్న జైల్లో ఉన్న పిల్లకీ కూడా పనికొస్తుంది. ఫొటో హోంవర్క్ మారిస్తే మేలు ఒక్కళ్ళకే కాదు. వర్చువల్ స్కూల్ హెడ్‌ల పని కూడా ఇప్పుడు అటే పెరిగింది, సోషల్ వర్కర్ ఉన్న పిల్లలందరి మీదా, బంధువుల ఇళ్ళల్లో పెరిగే పిల్లల మీదా కొంత దృష్టి పెట్టమన్నారు.

రెండోది ఇంకా చికాకైనది. ప్రశ్నలు అడగడం సులువు. టర్మ్‌కి రెండు సాయంత్రాలు వచ్చి, బిస్కట్లు తిని, నాలుగు తెలివైన ప్రశ్నలు అడిగేసి ఇంటికి పోయే మనిషికి, రోజూ ఆ పిల్లాడి కోపాన్ని భరించే టీఏకి ఎంత తేడా ఉంది. నా ప్రశ్న వల్ల ఇంకో ఫామ్ పుడితే ఆ ఫామ్ నింపేది డిప్యూటీ హెడ్డే, అదీ ఆదివారం రాత్రే. అందుకని నేను ఒక రూల్ పెట్టుకున్నా, కొత్త కాగితం పుట్టించే ప్రశ్న అడగను, ఉన్న కాగితంలోంచి అంకె తీసే ప్రశ్నే అడుగుతా. ప్రతిసారీ కుదరట్లేదు అనుకోండి.

మూడోది మన తెలుగువాళ్ళ నుంచి. ఒక ఫ్రెండ్ ఇంట్లో భోజనాలప్పుడు ఈ టాపిక్ వస్తే "నువ్వు గవర్నర్ అయ్యింది మన పిల్లల రిజల్ట్స్ చూడ్డానికి కదా, ఈ గొడవలన్నీ కౌన్సిల్ చూసుకోదూ" అన్నారు. తప్పు పట్టను, నేను కూడా చేరింది మా వాడి మ్యాథ్స్ కోసమే. అయితే ఒకటి, ప్రతి పిల్లాడి తరఫునా అడగడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు, పేరెంట్స్ ఈవెనింగ్‌లో పది నిమిషాలు చాలకపోతే మెయిల్ మీద మెయిల్ కొట్టే అమ్మలు ఉన్నారు మా స్కూల్లో, నేనూ అందులో ఒకదాన్ని. కేర్‌లో ఉన్న పిల్లాడికి చట్టరీత్యా తల్లిదండ్రి స్థానంలో ఉన్నది కౌన్సిల్. కౌన్సిల్ రాత్రి పదింటికి హెడ్‌కి కోపంగా మెయిల్ రాయదు.

మన దగ్గర కూడా ఇదే ఖాళీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. చాలా మంచి రూలు. మరి బాలసదన్ నుంచి పక్కనున్న గవర్నమెంట్ స్కూలుకి నడిచొచ్చే పిల్లల తరఫున ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? సంరక్షకులు అంటే హోమ్ సూపరింటెండెంట్‌ని పిలవొచ్చేమో, పిలిచిన స్కూలు మీకెవరికైనా తెలిస్తే కామెంట్లో చెప్పండి, నేను వినాలనుకుంటున్నా. నా చిన్నప్పుడు మా జడ్పీ స్కూల్లో హాస్టల్ పిల్లలు క్లాసులో మూడోవంతు ఉండేవాళ్ళు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం వార్డెన్‌ది, అన్ని కార్డుల మీదా ఒకే సంతకం, మార్కులు చూసి పెట్టినట్టు కూడా ఉండేది కాదు.

ఇక్కడి సంగతికొస్తే, మా బడ్జెట్ మేలో బోర్డు ముందుకొస్తుంది. డిజిగ్నేటెడ్ టీచర్‌కి వారానికి ఒక పూట టైము రాసిస్తే ఆవిడ బదులు పాఠం చెప్పే కవర్ టీచర్‌కి ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేసి తెమ్మని అడిగా, బిజినెస్ మేనేజర్ సరేనన్నారు. కోటాయన ఫైనాన్స్ కమిటీ చైర్, "పిల్లలే లేనప్పుడు పూట మొత్తం దేనికి, నెలకి ఒక పూట చాలదా" అని అప్పుడే బేరం మొదలెట్టారు. పదిహేను రోజులకి ఒక పూట దగ్గర తెగేలా ఉంది.